2025 బుల్‌ఫైటింగ్ సీజన్‌లో నంబర్ వన్ ఎవరు? మొరాంతేనా, రోకా రేనా?

లెక్కలమాస్టారు:
ఎక్కడ చూసినా 2025 మొత్తం స్పెయిన్ బుల్‌ఫైటర్ మొరాంతేదే అని పోస్టులు. అక్టోబర్ 12న మాడ్రిడ్‌లోని లాస్ వెంతాస్ రింగు మధ్యలో నిలబడి, బుల్‌ఫైటర్ల గుర్తైన పిలక తీసేసి రిటైరయ్యాడు, అందరూ ఏడ్చారు, నేనూ వీడియో చూసి కళ్ళు తుడుచుకున్నా, కాదనను. కానీ ఏడిపించినోడికి సీజన్ రాసిచ్చేస్తామా? వాలెన్సియాలో మార్చిలో మొదలై సరగోసాలో అక్టోబర్‌లో ముగిసేదాన్ని సీజన్ అంటారు. ఆగస్టు 10న పొంతెవేద్రాలో ఎద్దు పొడిచాక ఈయన వారాల తరబడి రింగులోకి రాలేదు. పెరూ బుల్‌ఫైటర్ రోకా రే ఉన్న రోజు టికెట్ దొరకదు, పెద్ద ఊరైనా చిన్న ఊరైనా ఒకేలా దిగుతాడు. ఎన్ని సాయంత్రాలు దిగాడు, ప్రైజుగా ఎన్ని ఎద్దు చెవులు తెచ్చుకున్నాడు, ఇవి చూడకుండా నంబర్ వన్ ఏంటండీ?

మాడ్రిడ్_మామ:
మాస్టారూ, లెక్కే కొలత అయితే చరిత్రలో అందరికంటే గొప్పోడు హెసులిన్ దె ఉబ్రికే. 1995లో ఒక్క సీజన్‌లో 161 కోరిదాలు (ఎద్దుల పోరు సాయంత్రాలు) చేశాడు, రికార్డు. ఇక్కడ ఏ ముసలాయన్నైనా అడగండి, పాతకాలపు దిగ్గజం బెల్మోంతే పక్కన అతని పేరు చెప్తాడేమో. అదే ఖోసే తోమాస్ 2012లో చేసింది మూడే మూడు, బదఖోస్, ఉయెల్వా, నీమ్. నీమ్‌లో ఒక్కడే ఆరు ఎద్దులతో దిగి 11 చెవులు, చెవి కంటే పెద్ద ప్రైజైన తోక ఒకటి తీసుకున్నాడు. ఆ ఏడాది అంటే జనానికి ఇప్పటికీ ఆ ఒక్క పొద్దే గుర్తు.
నేను జూన్ 8న లాస్ వెంతాస్‌లో ఉన్నా, ఎండవైపు చీప్ సీటు. 1997లో మాతదోర్ (పూర్తిస్థాయి బుల్‌ఫైటర్) అయిన మొరాంతే, మాడ్రిడ్ పెద్ద గేటులోంచి, అదే అక్కడ పెద్ద గౌరవం, జనం భుజాల మీద బయటికెళ్ళడం మాతదోర్‌గా అదే మొదటిసారి. కుర్రాళ్ళు రింగులోకి దూకేశారు. నా పక్కన ఎవరో పెద్దాయన చెవి ఇవ్వమని రుమాలు ఊపడం మర్చిపోయి దాంతోనే ముక్కు తుడుచుకుంటున్నాడు. దీన్ని ఏ లిస్టులో వేస్తారు మీరు?

సైలెంట్_రీడర్:
మొరాంతే. 2023లో సెవిల్‌లో తోక తీసుకున్నాడు, 52 ఏళ్ళ తర్వాత అక్కడ మాతదోర్‌కి తోక. అయిపోయింది చర్చ.

లెక్కలమాస్టారు:
@సైలెంట్_రీడర్ తమ్ముడూ టైటిల్‌లో 2025 అని రాశా. 2023 తోక 2025లో ఎందుకు కలుపుతున్నావ్.

సైలెంట్_రీడర్:
ఊరికే చెప్పా సార్

లెక్కలమాస్టారు:
ఊరికే చెప్పడమే ఈ గ్రూపు రోగం.
@మాడ్రిడ్_మామ నీమ్ ఫ్రాన్స్‌లో ఉంది, ఆ ఆరు ఎద్దులూ ఆరు వేర్వేరు మందల నుంచి ఆయన కోసం ఏరి తెచ్చినవి. మూడు రోజులు పనిచేసి ఏడాది బెస్ట్ ఎంప్లాయీ అంటే మా ఆఫీసులో నవ్వుతారు.

ఒంగోలు_గిత్త:
ఇద్దరూ ఎద్దు సంగతి వదిలేశారు. అక్టోబర్ 12న గార్సీగ్రాందే మంద ఎద్దులు, మెత్తటివి, స్టార్లంతా అలాంటి మందలే అడుగుతారు. మొండివని పేరున్న మియూరా మంద ఎద్దు ముందు వీళ్ళిద్దర్నీ చూపించండి, అప్పుడు మాట్లాడదాం. మాన్యుయేల్ ఎస్క్రిబానో గుర్తున్నాడా, 2024 ఏప్రిల్‌లో సెవిల్‌లో విక్టోరినో మంద ఎద్దు పొడిస్తే లోపల కుట్లు వేయించుకుని, బంగారు జరీ డ్రెస్సు పోయి జీన్స్ ప్యాంటుతో మళ్ళీ రింగులోకొచ్చి చెవులు తీసుకున్నాడు. ఆయన పేరు మీ లిస్టుల్లో ఏ మూల ఉంటుంది?

మాడ్రిడ్_మామ:
గిత్తా, ఆ మాటకి నేనూ దండం పెడతా, కానీ ధైర్యం వేరు కళ వేరు. అక్టోబర్ 12న మొరాంతేని కూడా ఎద్దు ఎత్తి పడేసింది, కాసేపు లేవలేదు. లేచి అదే ఎద్దుతో రెండు చెవులు. మెత్తటి ఎద్దు అలా పడేస్తుందా?

ఒంగోలు_గిత్త:
పడేస్తుంది మామా, మా ఇంట్లో పాలిచ్చే గేదె కూడా పడేస్తుంది.

వేగన్_వాణి:
చెవులు, తోకలు అని ఎంత మామూలుగా మాట్లాడుతున్నారు. చంపిన జంతువు శరీరం కోసి ఇచ్చే బహుమతి అది. స్పెయిన్ కల్చర్ మినిస్ట్రీనే 2024లో బుల్‌ఫైటింగ్ నేషనల్ అవార్డు ఎత్తేసింది. మీరు ఇక్కడ ర్యాంకులిస్తున్నారు.

మాడ్రిడ్_మామ:
వాణి గారూ, ఆ చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ మీతో చాలావరకు ఒప్పుకున్నా కూడా. ఇక్కడ వద్దు ప్లీజ్.

వేగన్_వాణి:
ఒప్పుకుని మళ్ళీ జూన్ 8న టికెట్ కొన్నారు. సరే.

లెక్కలమాస్టారు:
చెవుల సంగతి వచ్చింది కాబట్టి. రూలు ఇదీ: మొదటి చెవి జనం రుమాళ్ళని బట్టి, మెజారిటీ అడిగితే ఇవ్వాలి. రెండోది ప్రెసిడెంట్ (పైన కూర్చునే జడ్జి) ఇష్టం, ఎద్దు ఎలాంటిది, పని ఎలా నడిపాడు, అన్నిటికంటే ముఖ్యంగా కత్తి పోటు ఎలా దిగింది అని చూడాలి. కత్తి. అందుకే అడుగుతున్నా, అక్టోబర్ 12న ఆ రెండో చెవి కత్తికి ఇచ్చారా, వీడ్కోలుకి ఇచ్చారా?

మాడ్రిడ్_మామ:
కత్తి బాగానే దిగింది.

లెక్కలమాస్టారు:
బాగానే వేరు, రెండో చెవికి సరిపోయేంత వేరు.

మాడ్రిడ్_మామ:
అబ్బా! 23 వేల దాకా పట్టే రింగు, లోకంలోకెల్లా కఠినమైన ప్రేక్షకులు, నచ్చకపోతే స్టార్ అని కూడా చూడకుండా ఈలలేస్తారు, పైన కూర్చున్న ప్రెసిడెంట్ పోలీసు ఆఫీసరు. వాళ్ళందరి కంటే మీకు మొబైల్లో ఎక్కువ కనపడిందా? మీ రోకా రే చెవుల్లో సగం ఎక్కడివో నేను చెప్పనా, ఊరి జాతర్లో పొద్దున్నుంచి తాగి శాండ్‌విచ్ తింటూ రుమాలు ఊపే జనం ఇచ్చినవి. వాటిని లాస్ వెంతాస్ చెవితో ఒకే కాలమ్‌లో రాస్తారా?

లెక్కలమాస్టారు:
శాండ్‌విచ్ అంటున్నారా, పాంప్లోనాలో మూడో ఎద్దు అవ్వగానే ఎండవైపు స్టాండు మొత్తం గిన్నెలు విప్పి తింటది, పాటలు పాడతది. అదీ మాడ్రిడ్ లాగే ఫస్ట్ కేటగిరీ రింగే. దాన్ని కూడా కొట్టేస్తారా?
ఇంకోటి. నేను ఎక్స్‌త్రెమదూరాలో చిన్న ఊళ్ళో ఉన్నప్పుడు ఏడాదికి ఒక్క కోరిదా జరిగేది, ఊరి పండగకి. మా ఇంటి ఓనరు పందుల ఫారంలో పనిచేసేవాడు. ఆ ఒక్క సాయంత్రానికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, కొడుక్కి టికెట్ కొని తీసుకెళ్ళేవాడు. ఆయన రుమాలు ఊపితే అది లెక్కలోకి రాదా? తాగి ఊపినట్టా?

మాడ్రిడ్_మామ:
నేనలా అనలేదు.

లెక్కలమాస్టారు:
అదే అన్నారు, పైకి స్క్రోల్ చేసుకోండి. సీజన్‌లో ఎక్కువ సాయంత్రాలు జరిగేది మీ మాడ్రిడ్‌లో కాదు, ఆ ఊళ్ళలో. మీకు అవి జిల్లా ఆడిషన్లు.

ఒంగోలు_గిత్త:
జడ్జీల మాటొచ్చింది కాబట్టి నేనొకటి చెప్పాలి. తిరునాళ్ళలో బండలాగుడు పందెంలో మా నాన్న గిత్తలు గెలిచాయని మైదానం మొత్తం కేకలేసింది. టేపు పట్టిన కమిటీ మనిషి అడుగులు తక్కువ రాసి, తన బంధువుల జతకి ఫస్ట్ ప్రైజ్ ఇప్పించాడు. అందుకే పైన కూర్చున్నోడి మాట అంటే నాకు మంట. జనం చూశారు, చాలు.

మాడ్రిడ్_మామ:
గిత్తా, అది కొలిచే పని, టేపు తప్పు పడితే పట్టుకోవచ్చు. మొరాంతే ఎద్దు నడుము దగ్గరికి వచ్చేదాకా కేప్ కదపకుండా ఆగడాన్ని టేపు పెట్టి కొలవరు. దానికి చూసి చూసి అలవాటైన కళ్ళు కావాలి. అవును, ఓపెన్‌గానే చెప్తున్నా, అందరి కళ్ళూ ఒకటి కాదు. ఇరవై ఏళ్ళు చూసినోడి చూపూ, ఏడాదికోసారి చూసేవాడి చూపూ నాకు ఒకటి కాదు.

లెక్కలమాస్టారు:
ఇదీ. ముందే ఇది చెప్పుంటే ఇంత టైపు చేసే బాధ తప్పేది. మీకు పందెం మొరాంతే, రోకా రేలది కాదు, ఎవరు చూసి మెచ్చుకున్నారన్నది. నాకు టికెట్ కొన్న ప్రతివాడూ జడ్జే.

మాడ్రిడ్_మామ:
అలాగైతే హెసులినే నంబర్ వన్. మళ్ళీ అక్కడికే వచ్చాం.

లెక్కలమాస్టారు:
1995కి అవును, హెసులినే. రాసుకోండి.

సైలెంట్_రీడర్:
😂😂 మాస్టారు హెసులిన్ దాకా వెళ్ళారు

ఒంగోలు_గిత్త:
ఎస్క్రిబానో గురించి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.