‘బాగుంది’ కాకుండా ఇంకో మాట రాబట్టడం ఎలా?

సూదీదారం (ప్రశ్న):
మూడు వారాలు కూర్చుని నీటిరంగుల్లో అమ్మమ్మ చేతులు వేశాను. సూదిలో దారం ఎక్కిస్తున్న చేతులు. ముఖం కావాలనే వదిలేశాను. మొన్న ఇక్కడ పెడితే 41 లైకులు, 15 ‘చాలా బాగుంది’లు వచ్చాయి. ఒకరు మాత్రం ‘ఎడమ చెయ్యి కొయ్యబొమ్మ చెయ్యిలా ఉంది’ అన్నారు. ఒళ్లు మండి బొమ్మ తీసేశాను. ఆ రాత్రి మళ్లీ చూసుకుంటే అది కొయ్య చెయ్యే! ఎందుకలా కనిపిస్తోందో మాత్రం అంతు పట్టలేదు. పనికొచ్చే మాట చెప్పించుకోవాలంటే ఎలా అడగాలి?

తెల్లకాగితం:
పట్టించుకోకండి. వంక పెట్టేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. నాకైతే చాలా నచ్చింది.

బొగ్గుముక్క:
పై జవాబు మీకు ఇప్పటికే పదిహేను సార్లు వచ్చింది కదా!

‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అనడమే మర్యాద. ఆ తప్పు చూసేవాళ్లది కాదు. నేనూ ఏళ్ల తరబడి అలాగే అడిగాను. ఒకసారి బొగ్గుతో వేసిన ముఖం పెట్టి, ‘కుడి కన్ను కిందికి జారిందా?’ అని మాత్రం రాశాను. గంటలో ఆరుగురు పలికారు. నలుగురు కన్ను సరిగానే ఉందన్నారు, చెవి పైకెక్కిందన్నారు. ఆ చెవి మీద నాకు అప్పటిదాకా అనుమానమే లేదు.

ఇంకొకటి. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. ఒకసారి ముదురు రంగు పడ్డాక మళ్లీ ఆ తెలుపు రాదు. అంతా అయ్యాక సలహా అడిగితే దానితో ఏం చేసుకుంటారు? పెన్సిలు గీతల దశలోనే చూపించండి. సగం బొమ్మ చూపడానికి సిగ్గేస్తుంది, నిజమే. అయినా చూపించండి.

మూడు వారాలు ఒకే బొమ్మను చూస్తే కన్ను దాని తప్పులకు అలవాటుపడిపోతుంది. అద్దంలో చూడండి. లియొనార్డో డావిన్చీ తన రాతల్లో చెప్పిన ఉపాయమే ఇది. ఫోనులో ఫొటోను ఎడమ కుడులు తిప్పినా చాలు. తర్వాత దాన్ని నలుపు తెలుపుల్లోకి మార్చండి. వేళ్ల చుట్టూ ఒకే ముదురు గీత కనిపిస్తే సగం కొయ్యతనం అక్కడే ఉంది.

గుడ్డివెలుగు:
ఫొటో గురించి ఒక మాట. మీ కాగితం బూడిదరంగులో కనిపించింది. తెల్లటిది ఎక్కువగా ఎదురైతే ఫోను తనంతట తానే వెలుగు తగ్గించేస్తుంది. ఎండలో కాక నీడపట్టున తీయండి, వెలుగు కాస్త పెంచండి. మరీ దగ్గరికి వెళ్లకుండా, ఫోను వంగకుండా కాగితానికి సమాంతరంగా పట్టుకోండి.

మొండికుంచె:
కొయ్యబొమ్మ అన్నది నేనే. బస్సులో నిలబడి ఒక్క వాక్యం రాసి వదిలేశాను. క్షమించండి. ఆ సూది పట్టుకున్న తీరు దగ్గర చాలాసేపు ఆగిపోయాను, అది రాయలేదు. ఎడమ చేతిలో నాలుగు వేళ్ల మొదటి కణుపులూ స్కేలు పెట్టినట్టు ఒకే గీత మీద ఉన్నాయి. పిడికిలి బిగించి చూసుకోండి, అవి విల్లులా వంపు తిరిగి ఉంటాయి. మధ్యవేలిది పైన, చిటికెనవేలిది బాగా కింద.

సూదీదారం:
అద్దంలో చూశాను. స్కేలు పెట్టినట్టే ఉన్నాయి!

ఒక సంగతి దాచాను. ఆ ఎడమ చెయ్యి అమ్మమ్మది కాదు. నా దగ్గరున్న ఫొటోలో అది బట్ట చాటున పడింది. అందుకని నా చెయ్యినే బల్ల మీద పెట్టుకుని, కుడిచేత్తో గీశాను. రెండు గంటలు కదపకుండా ఉంచితే తిమ్మిరెక్కి, బిర్రబిగిసిపోయింది. నేను దాన్నే ఉన్నదున్నట్టు దించాను కాబోలు.

ఈసారి అమ్మమ్మనే కూర్చోబెడతాను. రేపు పెన్సిలు గీతలు పెడతాను. బొటనవేలు గురించి మాత్రమే అడుగుతాను. మొండికుంచె గారూ, బస్సు దిగాక చూడండి.