షెడ్‌లో ఉన్న పాత కారును వారం వారం స్టార్ట్ చేయాలా?

పద్మిని_కాకినాడ:
నాన్నగారి ప్రీమియర్ పద్మిని కాకినాడలో షెడ్‌లో ఉంది. నేను మస్కట్‌లో ఉంటాను, ఏడాదికోసారి వస్తాను. మా బాబాయి ప్రతి ఆదివారం ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నారు. ఇది మంచిదేనా? ముట్టుకోకుండా వదిలేయమంటారా?

అంబీ_రాజు:
స్టార్ట్ చేయాల్సిందే. తిరగని ఇంజిన్‌లో పిస్టన్ రింగులు సిలిండర్‌కు పట్టేస్తాయి. కార్బ్యురేటర్‌లో పెట్రోలు ఎండి జెట్లు, అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలు, మూసుకుపోతాయి. బాబాయి గారిని ఆపకండి.

జెట్_నీడిల్:
రాజు గారూ, ఇంజిన్ తిరగాలన్న మాట నిజమే. నా గొడవంతా ఆ ఐదు నిమిషాలతోనే. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. సైలెన్సర్ బాగా వేడెక్కేలోపే ఆపేస్తే ఆ ఆవిరి అక్కడే నీరై లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది. కొంత రింగుల పక్కనుంచి దిగి ఆయిల్లో కలుస్తుంది. ఆయిల్ పోసే మూత విప్పి లోపలివైపు చూడండి, మీగడలాంటి జిడ్డు కనిపిస్తే అది ఈ చెమ్మే. పైగా సెల్ఫ్ కొట్టడానికి పోయిన ఛార్జింగ్ ఐడిలింగ్‌లో, అంటే బండి కదలకుండా ఇంజిన్ నడిస్తే, సరిగా తిరిగి రాదు. నడిపితే అరగంట రోడ్డు మీద నడపాలి, లేదంటే స్టార్ట్ చేయకుండా పూర్తిగా పడుకోబెట్టాలి.

అంబీ_రాజు:
కాకినాడ ఉప్పుగాలిలో పడుకోబెడితే బ్రేకులు పట్టేయవా?

జెట్_నీడిల్:
నిలబెట్టి స్టార్ట్ చేస్తే మాత్రం చక్రం తిరుగుతుందా అండీ? హ్యాండ్‌బ్రేక్ వదిలేసి టైర్లకు చెక్క అడ్డం పెట్టాలి. లేకపోతే బ్రేక్ షూలు డ్రమ్ములకు అతుక్కుంటాయి. ఇంకోటి, ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అది చెమ్మ పీలుస్తుంది, పాత రబ్బరు పైపులను పాడుచేస్తుంది. కార్బ్యురేటర్ ఖాళీ చేయించండి. బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. ప్లాస్టిక్ పట్టా మాత్రం కప్పొద్దు, లోపల చెమ్మ పట్టేస్తుంది. గాలి ఆడే గుడ్డ కవర్ వేయండి.

పద్మిని_కాకినాడ:
రోడ్డెక్కించే వీల్లేదండి. 15 ఏళ్లు దాటాక ఆర్‌సీ రెన్యువల్ చేయించలేదు, ఇన్సూరెన్సూ లేదు.

అంబీ_రాజు:
అలాగైతే పడుకోబెట్టడానికి నేనూ ఒప్పుకుంటాను, ఇంజిన్‌ను మాత్రం అసలు కదపకుండా వదలొద్దు. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి, నెలకోసారి చేత్తో తిప్పమనండి. స్టార్ట్ చేయక్కర్లేదు.

జెట్_నీడిల్:
దీనికి నేనూ సరే. దానికి ముందు పాత ఆయిల్ తీయించి కొత్తది పోయించండి. వాడిన ఆయిల్లోని ఆసిడ్లు బేరింగులను తినేస్తాయి. వైర్లు ఎలుకలు కొరక్కుండా బాబాయి గారిని వారానికోసారి బానెట్ ఎత్తి చూడమనండి.