అరోరా వెలిగేది తరంగాల వల్లా, వోల్టేజీ వల్లా?

ఉప్పల్ కుర్రాడు:
మొన్న బిర్లా ప్లానెటేరియం నుంచి నౌబత్ పహాడ్ దిగుతూ ఫ్రెండ్‌తో గొడవ. సూర్యుడి కణాలు ధ్రువాల దగ్గర పడతాయి, అరోరా (అక్కడి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు) వెలుగుతుంది, అంతే అంటాడు. సౌరగాలి ఎలక్ట్రాన్లకి అంత జోరెక్కడిది? భూమి దగ్గరకొచ్చాక ఎవరో తొయ్యాలి. ఆ తోసేది ఆల్ఫెన్ తరంగాలని నా వాదన. అయస్కాంత బలరేఖల్ని తంబురా తీగల్లా ఊపుతూ పోయే ప్లాస్మా (విద్యుదావేశం ఉన్న వాయువు) తరంగాలవి. రన్నింగ్‌లో ఉన్న సిటీ బస్సు ఎక్కాలంటే దానితోపాటు పరుగెత్తాలి కదా. తన వేగానికి దగ్గరగా ఉన్న ఎలక్ట్రాన్‌ని తరంగం అలాగే లాక్కుపోతుంది. 2021లో లాస్ ఏంజెలెస్‌లో సుమారు 20 మీటర్ల ప్లాస్మా గొట్టంలో కొలిచి మరీ చూపించారు. ఇంకేం కావాలి?

మెహదీపట్నం మాస్టారు:
బస్సు పోలిక బాగుంది తమ్ముడూ, కానీ అది నీకే ఎదురు తిరుగుతుంది. పరుగెత్తినవాళ్ళలో ఎక్కేది కొందరే, అదీ తలా ఒక వేగంతో. తరంగాలే తోస్తే ఎలక్ట్రాన్ల శక్తులు అలా చెల్లాచెదురుగా ఉండాలి. నిలకడగా వెలిగే అరోరా తెరల మీదుగా పోయిన ఉపగ్రహాలకి మాత్రం ఆ శక్తులు కొన్ని వేల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తికి కొలమానం) దగ్గర ఒక్కచోటే గుమిగూడి కనిపించాయి. అందరూ ఒకే డాబా మీంచి దూకినట్టు! పైన కొన్ని వేల కిలోమీటర్ల ఎత్తులో ఎలక్ట్రాన్లని ఒకేలా కిందికి తోసే నిలకడైన వోల్టేజీ ఉందనడానికి అదే గుర్తు.

ఇరానీ చాయ్:
ఇద్దరూ తెరల దగ్గరే ఆగిపోయారు. మసకగా, కొన్ని సెకన్లకోసారి వెలిగి ఆరే అరోరా సంగతేంటి? అక్కడ వోల్టేజీకి పనే లేదు. బలరేఖల వెంట అటూ ఇటూ తిరిగే వేడి ఎలక్ట్రాన్ల దారి మళ్ళించి, కోరస్ అనే విద్యుదయస్కాంత తరంగాలు వాటిని వాతావరణంలోకి దించుతాయి. జపాన్ వాళ్ళ అరాసె ఉపగ్రహం కొలతలతో 2018లో ఇది నేరుగా తేలింది. కోరస్ ఫ్రీక్వెన్సీ మన చెవికి అందే శ్రేణిలోనే ఉంటుంది, స్పీకర్‌లో పెట్టి వినొచ్చు. నేను పెడితే అమ్మ వంటింట్లోంచి "పిట్టలు దూరాయేంట్రా?" అంది.

ఉప్పల్ కుర్రాడు:
చూశారా సార్, తరంగాలకి ఒక సీటు పెరిగింది! తెరల విషయంలో సగం ఒప్పుకుంటున్నా. కానీ అరోరా ఒక్కసారిగా భగ్గుమని చెలరేగేటప్పుడు శక్తులు చెల్లాచెదురుగానే కనిపిస్తాయి, అది నా ఖాతాలోదే. ఇంకోటి, ఆ వోల్టేజీ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది కదా, నింపేదెవరు? దూరం నుంచి వచ్చే ఆల్ఫెన్ తరంగాలే కావచ్చుగా?

మెహదీపట్నం మాస్టారు:
న్యాయమైన ప్రశ్న. మాగ్నెటోస్ఫియర్ (భూమి చుట్టూ ఉన్న అయస్కాంత ఆవరణ) తోక వైపు నుంచి, అంటే సూర్యుడికి అవతలి వైపు నుంచి వచ్చే ప్లాస్మా ప్రవాహాలే నింపుతాయని నా లెక్క. ఆ శక్తిని ఇక్కడిదాకా మోసుకొచ్చేది మాత్రం తరంగమే, కాదనను. తరంగం ఎక్కడ ఆగి వోల్టేజీ ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చూపించమంటే, నా దగ్గర చాక్‌పీస్ లేదు.