కొలరాడోలో గైడ్ వెంట ఎల్క్ వేట: అనుభవం ఉన్నవారి సలహా కావాలి

నమస్కారం. డెన్వర్‌లో హెచ్-1బి వీసాపై ఉద్యోగం చేస్తున్న నేను, వచ్చే అక్టోబరులో వాయవ్య కొలరాడోలోని ఫ్లాట్ టాప్స్ కొండల్లో గైడ్ వెంట ఎల్క్ (పెద్ద జింక జాతి జంతువు) వేటకు వెళ్లాలని నిశ్చయించుకున్నాను. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి తప్పనిసరైన వేట శిక్షణను పూర్తిచేశాను. హెచ్-1బి వంటి వలసేతర (తాత్కాలిక) వీసాదారులు తుపాకీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధించినా, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఇస్తుంది. గైడ్ సంస్థ ఇచ్చే రైఫిల్‌ను వాడేటప్పుడు ఏయే పత్రాలు వెంట ఉంచుకోవాలో, ఇదే వీసాపై వేటాడినవారు ఎవరైనా చెప్పగలరా?

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మాంసం సంగతి. ఎముకలు తీసేసినా పెద్ద మగ ఎల్క్ నుంచి సుమారు 90 కిలోల మాంసం వస్తుంది. తినదగిన మాంసాన్ని వృథాగా వదిలేయడం అక్కడ నేరం. చట్టం లేకపోయినా అందుకు నా మనసు ఒప్పదు. పగటి ఎండ ఇంకా వెచ్చగా ఉండే రోజుల్లో వెంటనే చర్మం ఒలిచి, తొడలను గాలి ఆడే గుడ్డ సంచుల్లో పెట్టి నీడన వేలాడదీయకపోతే ఎముక చుట్టూ మాంసం పాడవుతుంది. ఈ పనీ, గుర్రాలపై మాంసాన్ని కిందికి చేర్చడమూ గైడ్ రుసుములోనే కలిసి ఉంటాయా, విడిగా మాట్లాడుకోవాలా? ఒప్పందంలో ఏయే విషయాలు స్పష్టంగా రాయించుకోవాలో దయచేసి తెలియజేయగలరు.