ముసలి కుక్కకు చివరి ఇంజెక్షన్ ఇంట్లోనే ఇప్పించవచ్చా? పెద్దలు చెప్పండి

జిమ్మి వాళ్ళమ్మ, కొర్లగుంట

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. మా జిమ్మి లాబ్రడార్, 13 ఏళ్ళు. రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాయి, వెనక కాళ్ళు పడిపోయాయి. మూడు వారాలుగా సెలైన్ ఎక్కిస్తున్నాం. నాలుగు రోజుల నుంచి తిండి ముట్టడం లేదు. ఇక బాగయ్యే దారి లేదని, మేం సరేనంటే తనే ఇంటికొచ్చి నిద్రపుచ్చుతానని డాక్టరుగారు అన్నారు. మా ఆయన ఒప్పుకున్నాడు. మా అత్తగారు మాత్రం "ఏడుకొండలవాడి కింద ఉంటూ, దీపం పెట్టే ఇంట్లో ప్రాణం తీయిస్తారా" అని నిన్నటి నుంచి అన్నం మానేసింది. ఇద్దరి మాటలకీ నా దగ్గర జవాబు లేదు. చేయించినవాళ్ళుంటే ఎలా జరుగుతుందో కూడా చెప్పండి.

బైరాగిపట్టెడ వాసి

అమ్మా, మీ అత్తగారి మాటే నాకు సబబుగా ఉంది. ప్రాణం పోయలేని మనకు తీసే హక్కెక్కడిది? మా నాన్న ఎనిమిది నెలలు మంచం పట్టారు. ఒళ్ళు తుడిచాం, పక్కలు మార్చాం, కాచుకుని కూర్చున్నాం. అంతేగానీ సూది వేయించాలని అనుకోలేదు. కుక్కను వదిలి రమ్మంటే నాకు స్వర్గమే వద్దన్నాడు ధర్మరాజు. ఇంకో భయం కూడా ఉంది. ఇల్లు మారుతున్నామని, ముసలిదైపోయి వాసనొస్తోందని, ఇదే ఇంజెక్షన్ అడగడానికి వెళ్ళినవాళ్ళను నేను కళ్ళారా చూశాను. ఈ తలుపు తెరిస్తే అందరూ దూరతారు. నొప్పి తగ్గే మందులిప్పించి, పక్కన కూర్చుని, తనంతట తాను పోనివ్వండి.

చంద్రగిరి నుంచి ఒక అన్న

చెల్లెమ్మా, పైన సార్ మాట కొట్టిపారేసేది కాదు. పన్నెండేళ్ళ కిందట నేనూ అలాగే అనుకుని, మా రాణిని తనంతట తానే పోనిచ్చాను. దానికీ కిడ్నీలే. మూడు రాత్రులు పట్టింది. నోరంతా పుళ్ళు, ఊపిరిలో మూత్రం వాసన, నీళ్ళు తాగబోయి మూతి వెనక్కి లాక్కునేది. మూడో రాత్రి అది కూసిన కూత నాకు ఇంకా వినబడుతుంది. పాపం తగలకూడదని నేను చేతులు కట్టుకున్నాను, ఆ మూడు రాత్రులూ మోసింది అది. సార్, మీ నాన్నగారు ఎక్కడ నొప్పో చెప్పగలిగారు, మందు వద్దనగలిగారు, మనవళ్ళను చూడాలని ఓర్చుకోగలిగారు. కుక్కకు రేపన్న ఊహే లేదు కదా. ధర్మరాజు కుక్కను వదలనన్నాడు, నిజమే. నేనూ వదలమని అనడం లేదు, చివరి నిమిషం దాకా దాని తల ఒడిలో పెట్టుకోమంటున్నాను.

అహింస గురించి మనకన్నా ఎక్కువ ఆలోచించిన మనిషి గాంధీగారు. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక దూడ పక్కకు తిరగలేని స్థితిలో యాతన పడుతుంటే, డాక్టరును పిలిపించి ఇంజెక్షన్‌తో దాని బాధ ముగించారు. కోపంగా ఎన్నో ఉత్తరాలు వచ్చినా తప్పు చేశానని ఆయన అనలేదు. ఎందుకు చేశారో తన పత్రికలోనే రాశారు. మన 1960 జంతు హింస నివారణ చట్టం 13వ సెక్షన్ కూడా, బతికించి ఉంచడమే క్రూరమయ్యే స్థితి ఒకటుందని ఒప్పుకుంటుంది.

మా రెండో కుక్క టైగర్‌కు ముందుకాలి ఎముకలో కాన్సర్. మద్రాసు వేపేరీలోని పశువుల ఆస్పత్రి దాకా తిరిగాం. చివరికి ఇంట్లోనే, వసారాలో, దాని గోనెపట్టా మీదే చేయించాం. ముందు తొడ కండలో మత్తు ఇచ్చారు. పావుగంటకు గురక పెట్టింది. ఎన్నో వారాల తర్వాత విన్న గురక అది. మంచి కాలి మీద రూపాయి బిళ్ళంత మేర వెంట్రుకలు గొరిగి, స్పిరిట్ దూదితో తుడిచి, నరంలో సూది పెట్టి టేపు వేశారు. ఆ తడి దూదికి అంటుకున్న గోధుమరంగు వెంట్రుకలను మా పాప ఒక్కొక్కటే ఏరి అగ్గిపెట్టెలో దాచుకుంది. రెండోది థయోపెంటోన్, మోతాదు మించి. అదీ మత్తుమందే. ముందు ఊపిరి, తర్వాత గుండె ఆగుతాయి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. కాసేపటికి ఒకసారి పెద్దగా ఊపిరి లాగినట్టయింది, బతికే ఉందని నేను అరిచేశాను. అది ఒంట్లో మిగిలిన కదలికేనని చెప్పి, డాక్టరు ఐదు నిమిషాలు స్టెతస్కోపు పెట్టి విని, కనుగుడ్డును తాకి చూశారు. కళ్ళు మూసుకోవు, ఒంటికీ రెంటికీ అయిపోతుంది. ఇది ముందే తెలిసి ఉండాలి, పిల్లలకూ చెప్పాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి: "ముందు పూర్తిగా మత్తు ఇస్తారా?" అని. కొందరు త్వరగా అయిపోవాలని మెగ్నీషియం సల్ఫేటో పొటాషియం క్లోరైడో నేరుగా ఎక్కించేస్తారు. స్పృహలో ఉన్న జంతువుకు అది నరకం. కాంపౌండరు చేతికి అస్సలు ఒప్పుకోకండి, రిజిస్టర్డ్ డాక్టరే చేయాలి.

సార్ అన్న తలుపు భయం నాకూ ఉంది. అందుకే లెక్క రాసుకోమంటాను. అమెరికాలో అలిస్ విల్లాలోబోస్ అనే పశువైద్యురాలు పెట్టిన పద్ధతి ఒకటుంది: నొప్పి, ఆకలి, ఒంట్లో నీరు, శుభ్రత, హుషారు, నడక, చెడ్డ రోజులకన్నా మంచి రోజులు ఎక్కువా కాదా. ఏడింటికీ పదేసి మార్కులు. 35 దాటితే ఇంకా చూసుకోవచ్చు. ఇంట్లో ఒక్కొక్కరు విడిగా వేయండి, మీ అత్తగారి చేత కూడా వేయించండి.

వెటర్నరీ విద్యార్థి, తిరుపతి

అన్న చెప్పిన పద్ధతి సరైనదే. తర్వాతి సంగతి చెబుతాను, దీన్ని చాలామంది పట్టించుకోరు. ఆ మందు శరీరంలోనే ఉండిపోతుంది. స్వర్ణముఖి ఒడ్డునో చెత్తకుండీ పక్కనో పడేస్తే, తిన్న వీధికుక్కలూ గద్దలూ రాబందులూ చచ్చిపోతాయి. నాలుగు అడుగులకు తగ్గకుండా గుంత తీయించండి, బావికీ బోరుకూ దూరంగా. ప్లాస్టిక్ సంచిలో వద్దు, నూలు గుడ్డ చాలు. రెండు మూడు గంటల్లో ఒళ్ళు బిగుసుకుంటుంది కాబట్టి ముందే కాళ్ళు ముడిచి పడుకోబెట్టండి. ఇంట్లో ఇంకో కుక్క ఉంటే ఆ సమయానికి పక్కకు తీసుకెళ్ళి, అయ్యాక తెచ్చి వాసన చూడనివ్వండి. లేకపోతే రోజుల తరబడి వెతుకుతుంది.

బైరాగిపట్టెడ వాసి

చంద్రగిరి తమ్ముడూ, మీ రాణి గురించి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. అయినా నా మనసు పూర్తిగా ఒప్పుకోవడం లేదు, ఒప్పుకున్నట్టు రాయలేను. ఆ అమ్మకు ఒక్క మాట: ఒక్క డాక్టరు మాట మీద చేయకండి. మన వెటర్నరీ కాలేజీ ఆస్పత్రిలో రిపోర్టులు ఒకసారి చూపించండి. బాగుపడే ఆశ వీసమంత ఉన్నా ఆగండి.

జిమ్మి వాళ్ళమ్మ, కొర్లగుంట

బైరాగిపట్టెడ సార్, మీరన్నట్టే పొద్దున వెళ్ళి చూపించాం. వాళ్ళూ అదే చెప్పారు. మార్కులు వేశాం. నేను 16, మా ఆయన 14. అత్తగారు అంకెలు వేయనంది గానీ, రాత్రంతా జిమ్మి పక్కనే కూర్చుని దూదితో దాని నాలుక తడిపింది. తెల్లవారుజామున నన్ను లేపి, "ఇంట్లో వద్దు, పెరట్లో జామచెట్టు కింద అయితే కానీండి" అంది. జిమ్మి రోజూ ఎండకు పడుకునే చోటు అదే.

రేపు పది గంటలకు డాక్టరుగారు వస్తారు. మత్తు సంగతి అడిగాను, ముందు అదే ఇస్తామన్నారు. పేరూరు పొలంలో మా తమ్ముడు గుంత తీయిస్తున్నాడు. అత్తగారు తన పాత నూలు చీర ఒకటి ఉతికి ఆరేసింది.