సైలెన్సర్ మార్చాక బండి తడబడుతోంది: డైనో మీద ట్యూనింగ్ చేయించాలా?

ప్రశ్న (నల్గొండ)

అందరికీ నమస్కారం. నాది 2022లో కొన్న బీఎస్‌6 బండి. సింగిల్ సిలిండర్, నాలుగు వందల సీసీకి కాస్త తక్కువ. ఇప్పటికి 28,000 కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలల క్రితం సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ రెండూ మార్పించాను. అప్పటి నుంచి మూడు ఇబ్బందులు. నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర నిలకడగా పోతుంటే సన్నగా కుదుపులు వస్తున్నాయి. యాక్సిలరేటర్ ఒక్కసారి తిప్పితే ఒక క్షణం బండి చచ్చిపోయినట్లయి ఆ తర్వాత అందుకుంటుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే సైలెన్సర్‌లో టప్ టప్‌మని పేలుతుంది. వారం వారం హాలియా మీదుగా సాగర్ వెళ్లి వస్తాను కాబట్టి ఇది బాగా తెలుస్తోంది.

ఇక్కడి మెకానిక్ తన దగ్గర దీనికి మందు లేదన్నాడు. హైదరాబాద్‌లో ఒక షాపువాళ్లు డైనో (బండిని రోలర్ మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టి మూడు హార్స్‌పవర్ పెంచి ఇస్తామంటున్నారు. డైనో మీద అసలు ఏం చేస్తారు? నా సమస్య దానితో పోతుందా? డబ్బు కట్టేముందు ఏం అడగాలి? వాళ్లిచ్చే కాగితం ఎలా చదవాలి? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

జవాబు (మహబూబ్‌నగర్)

తమ్ముడూ, చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఓపికగా చదువు.

ముందు ఆ మూడు హార్స్‌పవర్ మాట పక్కన పెట్టు. వాళ్లు చూపించే కాగితం యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టినప్పటిది. నీ ఇబ్బంది పదో ఇరవయ్యో శాతం తిప్పినప్పుడు వస్తోంది. నల్గొండ నుంచి సాగర్ చేరేలోపు నువ్వు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి ఉంచిన సమయం కూడితే ఒక నిమిషం కూడా రాదు. మిగతా దారి అంతా నడిచేది చిన్న తెరుపులోనే, అంటే యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పినప్పుడే. పై చివర మూడు పెరిగి ఈ కుదుపు అలాగే ఉంటే నీకు ఒరిగేది ఏముంది? షాపులో నువ్వు కొనాల్సింది ఆ చిన్న తెరుపు దగ్గరి పనితనం.

ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్ ఈసీయూలో ఒక పట్టిక ఉంటుంది. అడ్డంగా ఆర్‌పీఎం, నిలువుగా థ్రాటిల్, అంటే ఇంజిన్‌లోకి గాలిని వదిలే మూత, ఎంత తెరిచి ఉందన్న లెక్క. ప్రతి గడిలో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎంతసేపు తెరిచి ఉండాలో రాసి ఉంటుంది. దాన్నే మ్యాపు అంటాం. కంపెనీ ఆ గడులను నింపింది పాత సైలెన్సర్, పాత ఫిల్టర్ ఉన్నప్పటి గాలికి. నువ్వు గాలి దారి మార్చావు. కొన్ని గడుల్లో గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదు. మిశ్రమం పలుచనైంది. లీన్ అంటారే, అది ఇదే. ప్రతి గడి దగ్గరా బండిని నిలబెట్టి, పొగను కొలిచి, పెట్రోలు సరిచేయడానికే డైనో.

అయితే డైనోకి పోయేముందు ఇంటి దగ్గరే ఒక పని చెయ్యి. ఇంజిన్‌కి, సైలెన్సర్ పైపుకి మధ్య అతుకు దగ్గర సందు మూసే గ్యాస్కెట్ చూపించు. సైలెన్సర్ మార్చినప్పుడు పాత గ్యాస్కెట్‌నే మళ్లీ బిగించే అలవాటు చాలా చోట్ల ఉంది. అక్కడ సందు ఉంటే బయటి గాలి లోపలికి పోతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు పైపులో మిగిలిన పెట్రోలు ఆవిరి ఆ గాలితో కలిసి పేలుతుంది. పైగా ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి మిశ్రమం పలుచనగా ఉందనుకుంటుంది, ఈసీయూ అక్కర్లేని పెట్రోలు పోస్తుంది. పొద్దున చల్లగా ఉన్న ఇంజిన్ స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివర మందమైన తడి గుడ్డ ఒక్క క్షణం అడ్డం పెట్టి, ఇంకొకరిని అతుకు దగ్గర చెవి పెట్టి వినమను. బుస్సుమని వినిపిస్తే సందు ఉన్నట్టే. సబ్బు నీళ్లు రాస్తే బుడగలు కూడా వస్తాయి. వేడెక్కాక మాత్రం చెయ్యి దగ్గరికి పోనివ్వకు.

దాంతోపాటు వాల్వు క్లియరెన్స్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి సందు), ప్లగ్గు, థ్రాటిల్ బాడీ శుభ్రం, చైను బిగువు, టైర్లలో గాలి చూపించు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 14 వోల్టులకు అటూ ఇటూ ఉండాలి, తగ్గితే ఇంజెక్టర్ ఆలస్యంగా తెరుచుకుంటుంది. రోగం ఉన్న బండిని ట్యూన్ చేస్తే ఆ రోగాన్ని మ్యాపులో రాసుకున్నట్టే. రేపు వాల్వులు సరిచేయించిన రోజున ఆ మ్యాపు పనికిరాకుండా పోతుంది.

ఇక డైనోల సంగతి. ఒక రకంలో వెనక చక్రం కింద బరువైన ఇనుప రోలర్ ఉంటుంది. దాన్ని బండి ఎంత త్వరగా తిప్పిందో చూసి పవర్ లెక్కగడతారు. ఇనర్షియా డైనో అంటారు. ఇందులో బండి ఎప్పుడూ పరుగెడుతూనే ఉంటుంది, ఒక ఆర్‌పీఎం దగ్గర ఆపి ఉంచడం కుదరదు. రెండో రకంలో రోలర్‌కి కరెంటుతో పనిచేసే బ్రేకు ఉంటుంది. నాలుగు వేల దగ్గర, 15 శాతం తెరుపులో బండిని కావలసినంతసేపు నిలబెట్టవచ్చు. నీ సమస్యకు కావలసింది ఈ రెండోదే. ఫోన్ చేసి మొదట అడగాల్సిన ప్రశ్న కూడా ఇదే: మీ డైనోకి బ్రేకు ఉందా, చిన్న తెరుపు గడులు ఒక్కొక్కటి నిలబెట్టి సరిచేస్తారా?

రెండో ప్రశ్న: పొగను దేనితో కొలుస్తారు? బండికి వచ్చిన ఆక్సిజన్ సెన్సర్ చాలా మటుకు నారోబ్యాండ్ రకం. సుమారు 0.45 వోల్టుకు ఇటా అటా అన్నదాన్ని బట్టి మిశ్రమం పలుచనా చిక్కనా అని చెబుతుందే తప్ప ఎంత అన్నది చెప్పలేదు. ట్యూనింగ్‌కి ఆ ఎంత అన్నది చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సర్ ఉండాలి. అది పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌కి ముందు, పైపులో మరబిగించి ఉండాలి. సైలెన్సర్ చివర గొట్టం దూర్చి కొలిస్తే, చిన్న తెరుపులో బయటి గాలి వెనక్కి కలిసి తప్పు లెక్క వస్తుంది. నీకు కావలసిన చోటే అది తప్పుతుంది.

మూడోది, ల్యాంబ్డాలో మాట్లాడమను. ఒక పాలు పెట్రోలుకి 14.7 పాళ్ల గాలి (బరువులో) అన్న అంకె ఇథనాల్ కలవని పెట్రోలుది. ఇప్పుడు బంకుల్లో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, వస్తోంది. దాని అసలు నిష్పత్తి సుమారు 13.5. నీ 2022 బండి మ్యాపు ఈ10ని (10 శాతం ఇథనాల్) దృష్టిలో పెట్టుకొని రాసింది. అందుకే సైలెన్సర్ మార్చకపోయినా ఈసీయూ సరిచేసుకోని గడుల్లో మిశ్రమం 4 శాతం దాకా పలుచనవుతుంది. ల్యాంబ్డా 1 అంటే ఏ పెట్రోలుకైనా సరిగ్గా సరిపోయిన మిశ్రమం, 1 దాటితే పలుచన, తగ్గితే చిక్కన. నిలకడగా పోయేటప్పుడు 1 దగ్గర, పూర్తిగా తిప్పినప్పుడు 0.87 నుంచి 0.90 మధ్య ఉంటే నేను తృప్తిపడతాను. రోజూ పోయించే బంకులోనే ట్యాంకు నింపుకొని వెళ్లు.

ఒక మెలిక ఉంది. నిలకడగా పోయేటప్పుడు ఈసీయూ ఆక్సిజన్ సెన్సర్ మాట విని తనంతట తానే పెట్రోలు తగ్గించి పెంచి ల్యాంబ్డా 1కి తెస్తుంది. ఇంజెక్టర్ తీగ మధ్యలో పెట్టే పిగ్గీబ్యాక్ పెట్టెతో ఆ గడుల్లో పెట్రోలు పెంచితే, ఈసీయూ దాన్ని మళ్లీ తగ్గించేస్తుంది. వారం బాగుండి తర్వాత పాత కుదుపు వచ్చిందని చాలామంది అనేది ఇందుకే. ఈసీయూలోని మ్యాపునే తిరగరాస్తారా, పెట్టె పెడతారా, పెట్టె అయితే సెన్సర్ సంగతి ఏం చేస్తారు అని గట్టిగా అడుగు. తడుముకుంటే ఆ షాపు వద్దు.

వ్యాఖ్య (దేవరకొండ)

నాకూ అచ్చం ఇలాగే పేలేది. గ్యాస్కెట్ మారిస్తే పోయింది. డైనోకి పోనే లేదు.

మళ్లీ ప్రశ్న (నల్గొండ)

అన్నా, ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. కాగితం చదవడం గురించి, ఎండ గురించి కూడా చెప్పండి. ఇప్పుడు మధ్యాహ్నం 42 డిగ్రీలు దాటుతోంది. చలికాలం దాకా ఆగాలా?

జవాబు (మహబూబ్‌నగర్)

ఆగనక్కర్లేదు, పొద్దున్నే సమయం తీసుకో. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 42 డిగ్రీల గాలి 5 శాతం పైగా పలుచన. మా ఊరు, హైదరాబాద్ ఐదు వందల మీటర్ల ఎత్తుకు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి గాలి ఒత్తిడి కూడా సముద్రం ఒడ్డు కంటే మరో 5 నుంచి 6 శాతం తక్కువ. డైనో సాఫ్ట్‌వేర్ దీన్ని సరిచేసి చూపిస్తుంది. ఏ ప్రమాణంతో సరిచేశారో కాగితం మూల ఎస్‌ఏఈ అనో మరొకటో రాసి ఉంటుంది, చూసుకో. ట్యూనింగ్‌కి ముందు, తర్వాత తీసిన రెండు పవర్ గీతలూ ఒకే దిద్దుబాటుతో, ఒకే గేరులో, ఒకే డైనో మీద తీసినవైతేనే పోల్చు. మొదటి గీత కాలిపోతున్న ఇంజిన్‌తో, రెండోది చల్లార్చి తీస్తే పెరుగుదల ఊరికే కనిపిస్తుంది. బండి ముందు పెద్ద ఫ్యాను లేని షాపులో మన ఎండల్లో ట్యూనింగ్ చేయించవద్దు.

చక్రం దగ్గర కొలిచిన పవర్ కంపెనీ చెప్పిన అంకె కంటే పదో పదిహేనో శాతం తక్కువ కనిపిస్తే కంగారు పడకు. కంపెనీది ఇంజిన్‌లోని క్రాంకు దగ్గరి లెక్క, గేర్లు, చైను, టైరు వాటి వాటా అవి తీసుకుంటాయి. కాగితంలో పవర్ గీత కంటే టార్క్ (తిప్పే బలం) గీతనే జాగ్రత్తగా చూడు. పవర్ విడిగా కొలిచిందేమీ కాదు: న్యూటన్ మీటర్లలో టార్క్‌ని ఆర్‌పీఎంతో హెచ్చించి 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. టార్క్ గీతలో గుంట ఉన్నచోట ల్యాంబ్డా గీత ఎలా ఉందో పక్కన పెట్టి చూస్తే ఎక్కడ ఏం జరుగుతోందో నీకే తెలుస్తుంది. చిన్న తెరుపు గడుల ల్యాంబ్డా పట్టిక విడిగా ఇమ్మని అడుగు. అది ఇవ్వనివాడు ఆ పని చేయలేదనే అర్థం.

ఇంజెక్టర్ గురించి ఒక లెక్క. 9,000 ఆర్‌పీఎం దగ్గర ఇంజిన్ ఒక పూర్తి ఆవృతానికి, అంటే క్రాంకు రెండు చుట్లకు, 13.3 మిల్లీసెకన్లే సమయం. ఇంజెక్టర్ 8 మిల్లీసెకన్లు తెరిచి ఉంటే ఆ సమయంలో 60 శాతం. అది 85 దాటితే ఇంజెక్టర్ చాలడం లేదని అర్థం, మ్యాపుతో చేయగలిగింది ఏమీ ఉండదు. నీ మార్పులకు అంతదాకా రాదు.

వ్యాఖ్య (మిర్యాలగూడ)

ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 182ఏ(4) సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని సైలెన్సర్ అయితే ఊళ్లో వాళ్ల ఊపిరితిత్తుల సంగతి కూడా ఆలోచించండి. పాత సైలెన్సర్, ఫిల్టర్ దాచి ఉంచే ఉంటారు కదా, ఒకసారి అవే బిగించి నడిపి చూడండి. కుదుపు పోతే కారణం తేలిపోతుంది, ఖర్చు కూడా ఉండదు.

జవాబు (మహబూబ్‌నగర్)

ఈయన చెప్పింది నేనే ముందు చెప్పాల్సింది. తమ్ముడూ, అది చేసి చూశాకే డైనో.

తిరిగి రాస్తున్నాను (నల్గొండ)

మీరు చెప్పినట్టే చేశాను. పాత సైలెన్సర్, ఫిల్టర్ బిగిస్తే కుదుపులు దాదాపు పోయాయి, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పేలుడు మాత్రం కొంచెం మిగిలింది. తడి గుడ్డ పెట్టి చూస్తే అతుకు దగ్గర బుస్సుమంది. గ్యాస్కెట్ సగం కాలిపోయి ఉంది. కొత్తది వేయించాక పేలుడూ పోయింది. సైలెన్సర్ పాతదే ఉంచేసుకున్నాను, కన్వర్టర్ ఉన్నది అదొక్కటే. ఫిల్టర్ మాత్రం కొత్తది పెట్టి, మొదట చెప్పిన షాపు కాకుండా బ్రేకు డైనో ఉన్న ఇంకో చోటికి పొద్దున్నే వెళ్లాను. ఈసీయూ సొంత దిద్దుబాటు ఆపి కొలిస్తే నాలుగు వేల దగ్గర చిన్న తెరుపులో ల్యాంబ్డా 1.07 వచ్చింది. మూడు గంటలు పట్టింది, ఈసీయూలోనే మ్యాపు తిరగరాశారు, పట్టిక కూడా ఇచ్చారు. పై చివర ఒక హార్స్‌పవర్ కూడా పెరగలేదు. కానీ సాగర్ రోడ్డు మీద బండి దారం లాగినట్టు పోతోంది.

ఒక్కటే మిగిలింది. పొద్దున మొదటిసారి రెండు మూడు సార్లు నొక్కితేగానీ స్టార్ట్ కావడం లేదు. ఇది కూడా మ్యాపు వల్లేనా?

జవాబు (మహబూబ్‌నగర్)

చాలా సంతోషంగా ఉంది తమ్ముడూ. అవును, మ్యాపు వల్లే అయ్యుండాలి. చల్లటి ఇంజిన్‌కి అదనంగా పెట్రోలు పోసే పట్టిక వేరే ఉంటుంది, అది ఇంజిన్ వేడిని బట్టి నడుస్తుంది. డైనో మీద మూడు గంటలూ ఇంజిన్ వేడిగానే ఉంది కాబట్టి ఆ పట్టికను ఎవరూ పరీక్షించలేదు. ట్యూన్ చేసినతనికి ఫోన్ చేసి విషయం చెప్పు. ముందురోజు సాయంత్రమే బండి అక్కడ వదిలి, రాత్రంతా చల్లబడ్డాక పొద్దున మొదటి స్టార్ట్ అతని చేతే చేయించు. అరగంట పని. పని తెలిసినవాడైతే దానికి మళ్లీ డబ్బు అడగడు.