టెక్సస్ హైస్కూల్లో తెలుగు చెప్పాలంటే ఏ సర్టిఫికెట్ కావాలి?

వాణి_డాలస్

నమస్కారమండీ. అర్హతలు ముందే చెప్పేస్తాను: మూడేళ్ల బీ.ఏ., ఎం.ఏ. తెలుగు, బీ.ఈడీ. (తెలుగు, సోషల్ మెథడాలజీలు), టెట్ పేపర్ 2 పాస్. హెచ్4 ఈఏడీ (ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి) చేతిలో ఉంది. హైస్కూల్లో తెలుగు పెట్టమని మా స్కూల్ డిస్ట్రిక్ట్‌ను (ఇక్కడి ప్రభుత్వ స్కూళ్లను నడిపే సంస్థ) తల్లిదండ్రులు అడిగితే "సర్టిఫైడ్ టీచర్ ఉంటే చూద్దాం" అన్నారు. తెలుగుకు సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి? మన బీ.ఈడీ. ఇక్కడ చెల్లుతుందా? దక్షిణ భారత హిందీ ప్రచార సభ ప్రవీణ కూడా ఉంది, దాన్ని లెక్కలోకి తీసుకుంటారా?

సుద్దముక్క

వాణి గారూ, అసలు చిక్కు మొదటి ప్రశ్నలోనే ఉంది. ఇంగ్లిష్ కాని భాషలకు టెక్సస్ ఇచ్చే సర్టిఫికెట్లలో హిందీ ఉంది, తెలుగు లేదు. కాబట్టి "తెలుగు సర్టిఫైడ్ టీచర్‌ను తెండి" అంటే లేని కాగితం తెమ్మన్నట్టే. దారి మాత్రం ఉంది: మీరు హిందీలో సర్టిఫికెట్ తీసుకోండి, అది వచ్చేలోగా తెలుగు క్లాసుకు డిస్ట్రిక్ట్ పర్మిట్ ఇవ్వగలదు. ఆ పర్మిట్ సర్టిఫికెట్ లేనివాళ్లకే కాబట్టి, హిందీ సర్టిఫికెట్ వచ్చాక తెలుగు క్లాసు ఎలా అప్పగిస్తారో డిస్ట్రిక్ట్‌ను ముందే అడగండి.

పర్మిట్ సంగతి టెక్సస్ ఎడ్యుకేషన్ కోడ్ 21.055లో ఉంది. సర్టిఫికెట్ లేకపోయినా బ్యాచిలర్ డిగ్రీ ఉన్న మనిషిని తీసుకుని, ఆమె ఎవరు, అర్హతలేమిటి, ఏ క్లాసు చెబుతుంది అని డిస్ట్రిక్ట్ రాష్ట్ర విద్యా కమిషనర్‌కు రాసి పంపుతుంది. అభ్యంతరం చెప్పడానికి కమిషనర్‌కు 30 రోజుల గడువు. ఆలోగా క్లాసు మొదలుపెట్టవచ్చు. అయితే ఈ పర్మిట్ ఆ డిస్ట్రిక్ట్‌లోనే చెల్లుతుంది, పక్క ఊరికి మారితే మళ్లీ మొదటికే. మీ డిస్ట్రిక్ట్ 2015 చట్టం కింద "డిస్ట్రిక్ట్ ఆఫ్ ఇన్నొవేషన్" (కొన్ని రాష్ట్ర నిబంధనల నుంచి మినహాయింపు రాసుకున్న డిస్ట్రిక్ట్) అయితే వాళ్ల ప్లాన్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. అందులో సర్టిఫికేషన్ మినహాయింపు ఏ సబ్జెక్టులకు రాసుకున్నారో చూడండి. కొన్ని డిస్ట్రిక్టులు కెరీర్ కోర్సులకే రాసుకుని భాషల్ని వదిలేస్తాయి. ప్లాన్ గడువు అయిదేళ్లు మించదు, కొత్తది రాసేటప్పుడు భాషల్ని చేర్చమని అడగాలి.

బీ.ఈడీ. గురించి: అది మనకు టీచరయ్యే అర్హత, ఇక్కడివాళ్లు అడిగేది లైసెన్సు. వేరే దేశపు సర్టిఫికెట్‌ను గుర్తించే పద్ధతి టెక్సస్‌లో ఉంది కానీ, ఆ దేశపు లైసెన్సింగ్ సంస్థ ఇచ్చిన పత్రం ఉండాలి. బీ.ఈడీ. మెమో, టెట్ మార్కుల కాగితం ఆ పని చెయ్యవు. అలాగని బీ.ఈడీ. వృథా కాదు. మూడేళ్ల బీ.ఏ. ఒక్కటే పంపితే కొన్ని ఎవాల్యుయేషన్ సంస్థలు (విదేశీ డిగ్రీ ఇక్కడి ఏ చదువుకు సమానమో చెప్పేవి) "మూడేళ్ల అండర్‌గ్రాడ్యుయేట్ చదువు" అని రాసి ఊరుకుంటాయి. బీ.ఏ., ఎం.ఏ., బీ.ఈడీ. మూడూ కలిపి, ప్రతి సబ్జెక్టూ విడిగా చూపే కోర్స్-బై-కోర్స్ రిపోర్టు తీయించండి. డబ్బు కట్టేముందు ఆ సంస్థ రాష్ట్ర విద్యాశాఖ గుర్తించిన జాబితాలో ఉందో లేదో చూసుకోండి.

ఆ తర్వాత ఆల్టర్నేటివ్ సర్టిఫికేషన్ ప్రోగ్రామ్‌లో (డిగ్రీ ఉన్నవాళ్లను టీచర్ సర్టిఫికెట్‌కు తయారుచేసే కోర్సు) చేరాలి. కనీసం 2.5 జీపీఏ, సబ్జెక్టులో (మీకు హిందీ) 12 సెమిస్టర్ గంటలు, అంటే కాలేజీ క్రెడిట్లు, అడుగుతారు. ప్రవీణను సాధారణంగా యూనివర్సిటీ క్రెడిట్ కింద లెక్కించరు. గంటలు చాలకపోతే కంటెంట్ పరీక్ష ముందే పాసై చేరవచ్చు. ఇంగ్లిష్ నిబంధన కూడా ఉంది: డిగ్రీ మినహాయింపు జాబితాలోని దేశానిది కాకపోతే టోఫెల్ రాయాలి. ఒక్కో భాగం 30కి ఉండే పాత స్కేల్‌లో స్పీకింగ్ 24, లిజనింగ్ 22, రీడింగ్ 22, రైటింగ్ 21 రావాలి. స్పీకింగ్‌లో 23 వచ్చి ఆగిపోయేవాళ్లూ ఉంటారు. చేరాక ఇంటర్న్ సర్టిఫికెట్ మీద ఒక ఏడాది జీతంతో పాఠం చెబుతారు. బోధనా పద్ధతుల పరీక్ష పీపీఆర్ (300కి 240 రావాలి) కూడా పాసైతేనే స్టాండర్డ్ సర్టిఫికెట్.

రెండో_భాష

హిందీకి కంటెంట్ పరీక్ష అంటే బిట్ పేపర్ కాదు. ఆక్ట్‌ఫుల్ (అమెరికాలో విదేశీ భాషల బోధకుల సంస్థ) వాళ్ల ఓపీఐ (మాట్లాడటం), డబ్ల్యూపీటీ (రాయటం). రెండింటిలోనూ "అడ్వాన్స్‌డ్ లో" (Advanced Low, అంటే అడ్వాన్స్‌డ్‌లో కింది మెట్టు) స్థాయి రావాలి.

హిందీ బాగా వచ్చిన తెలుగువాళ్లు కూడా తప్పేది ఎక్కడంటే, ఓపీఐలో "దారిలో ఏదైనా ఇబ్బంది పడ్డ సంఘటన చెప్పండి" అంటారు. "బస్సు తప్పిపోయింది. ఆటో ఎక్కాను. ఆలస్యమైంది." ఇలా మూడు పొడి వాక్యాలతో ముగిస్తే అది ఇంటర్మీడియట్ (అడ్వాన్స్‌డ్‌కు కింది స్థాయి) కిందే పోతుంది. అడ్వాన్స్‌డ్ అంటే జరిగినదాన్ని జరిగిన వరుసలో, ఎందుకు, అప్పుడేమైంది, చివరికేం చేశారు అని ఒకదానికొకటి ముడిపడేలా పేరాగ్రాఫ్‌గా చెప్పగలగాలి. భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలు మూడూ నిలబడాలి.

అక్కడే మన కాలు జారుతుంది. తెలుగులో కర్తను బట్టి క్రియ మారుతుంది కాబట్టి "మైఁ కితాబ్ పఢా" అనేస్తాం. హిందీలో భూతకాలంలో సకర్మక క్రియ కర్మను బట్టి మారుతుంది: "మైనే కితాబ్ పఢీ". ఒకసారి తప్పితే పట్టించుకోరు, కథంతా అలాగే సాగితే స్థాయి పడిపోతుంది. నెల రోజులు రోజుకొక సంఘటన భూతకాలంలో మూడు నిమిషాలు చెప్పి రికార్డు చేసి, ఆ "నే"లు మాత్రమే వినండి.

డబ్ల్యూపీటీ కంప్యూటర్ మీద, 90 నిమిషాల వరకు. దేవనాగరి టైపింగ్ అలవాటు లేకపోతే భాష వచ్చినా సమాధానం సగంలో ఆగుతుంది. ఫోన్లో టైపు చేసిన అలవాటు కీబోర్డు మీద పనికిరాదు.

వాణి_డాలస్

చాలా థాంక్సండీ. అంటే హిందీ సర్టిఫికెట్, అది వచ్చేదాకా తెలుగుకు పర్మిట్. ఇలా అయితే డిస్ట్రిక్ట్ ఒప్పుకుంటుందా?

మాస్టర్_షెడ్యూల్

కాగితాలు ఉన్నంతమాత్రాన ఒప్పుకోదు. ఇక్కడి లెక్క సెక్షన్లది (ఒక పీరియడ్‌లో ఒక గదినిండా పిల్లలుంటే ఒక సెక్షన్). ఏడు పీరియడ్ల స్కూల్లో ఒక టీచర్ అయిదారు క్లాసులు చెబితేనే పూర్తి ఉద్యోగం. తెలుగు ఒక్క సెక్షన్ అంటే ఉద్యోగంలో ఆరో వంతు, దానికోసం ఎవరినీ తీసుకోరు. నాలుగు హైస్కూళ్లలో తొమ్మిదేసి మంది చొప్పున 36 మంది ఉన్నా ఒక్క సెక్షన్ కూడా నిండదు, ఎందుకంటే వాళ్లు ఒక గదిలో లేరు. పిటిషన్ మీద రెండొందల సంతకాలకన్నా ఒకే స్కూల్లో పాతికమంది కోర్సు కార్డులో తెలుగు ఎంచుకోవడమే బలం.

అందుకే మీరు చెప్పగల మిగతా సబ్జెక్టులే మిమ్మల్ని నిలబెడతాయి. స్టాండర్డ్ సర్టిఫికెట్ వచ్చాక ఇంకో సబ్జెక్టు పరీక్ష రాసి చేర్చుకోవచ్చు, మళ్లీ ప్రోగ్రామ్ అక్కర్లేదు. సోషల్ స్టడీస్ గానీ, ఇంగ్లిష్ నేర్చుకునే పిల్లలకు చెప్పే ఈఎస్ఎల్ గానీ చేర్చుకుంటే మూడు సెక్షన్లు అది, రెండు హిందీ, ఒకటి తెలుగు అని ప్రిన్సిపాల్ షెడ్యూల్ వెయ్యగలరు.

ఇంకో సంగతి తల్లిదండ్రులు మరిచిపోతారు. గ్రాడ్యుయేషన్‌కు ఒకే భాషలో రెండు క్రెడిట్లు కావాలి. లెవెల్ 1 పెట్టి మరుసటి ఏడు లెవెల్ 2 పెట్టకపోతే పిల్లలు మధ్యలో చిక్కుకుపోతారు. అందుకే రెండేళ్ల హామీ లేకుండా కౌన్సెలర్లు ఈ కోర్సు ఎంచుకోమని చెప్పరు. చెప్పకూడదు కూడా. పిల్లలు మామూలుగా శీతాకాలంలోనే కోర్సులు ఎంచుకుంటారు కాబట్టి ప్రతిపాదన దసరా నాటికే కరికులమ్ ఆఫీసులో ఉండాలి. వేసవిలో అడిగితే ఆ ఏడాది పోయినట్టే.

సుద్దముక్క

పైదానికి ఒక చేర్పు. సర్టిఫికెట్ గానీ పర్మిట్ గానీ లేని టీచర్ వరుసగా 30 బోధన దినాలు దాటి చెబితే తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలియజేయాలన్న నిబంధన ఉంది. ఆ నిబంధన విని "క్వాలిఫికేషన్ లేని టీచరా?" అని మనవాళ్లే కంగారు పడతారు. పర్మిట్ మీద చెప్పే టీచర్‌కు అది వర్తించదని కోర్సు ప్రతిపాదించేటప్పుడే చెప్పేయండి.

క్రెడిట్_లెక్క

క్లాసు వచ్చేలోగా పిల్లల క్రెడిట్ ఆగనక్కర్లేదు. టెక్సస్‌లో పరీక్ష రాసి క్రెడిట్ తీసుకోవచ్చు: ఆ కోర్సు ఎప్పుడూ చదవకపోతే 80 శాతం, చదివి తప్పితే 70. అవాంట్ సంస్థ పెట్టే స్టాంప్ డబ్ల్యూఎస్ పరీక్ష (రాయటం, మాట్లాడటం) తెలుగులో ఉంది. దాన్ని మీ డిస్ట్రిక్ట్ క్రెడిట్‌కు ఒప్పుకుంటుందో లేదో కౌన్సెలర్‌ను ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు మాట్లాడటం తేలిగ్గా దాటేస్తారు, రాయటంలో ఆగిపోతారు. ఒత్తులు, దీర్ఘాలు కీబోర్డు మీద కొట్టడం కనీసం రెండు నెలలు చేయించండి.

అయితే పిల్లలంతా పరీక్షతోనే రెండు క్రెడిట్లూ తీసేసుకుంటే, పై జవాబులో చెప్పిన ఆ పాతికమంది దొరకరు. లెవెల్ 1కి పరీక్ష, లెవెల్ 2, 3లకు క్లాసు అని డిస్ట్రిక్ట్‌తో మాట్లాడుకుంటే రెండూ నిలుస్తాయి.